సవరణ చీటీ

ఈ పనిలోకి వచ్చి ముప్పై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను తప్పుడు తూకం పెట్టింది ఒక్కచోటే, మా ఆవిడ షుగర్ పుస్తకంలో. కావాలని పెట్టలేదు. కావాలని పెట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి.

నాది కాటాలు బాగుచేసే కొట్టు. ఏడాదికోసారి ఊళ్ళో ప్రతి కాటాకీ సర్కారు ముద్ర పడాలి. ఎండలు ముదరకముందు మొదలై వానలు పడేదాకా మూడు నెలలు ఆ ముద్రల సీజను. ఆ మూడు నెలలూ కొట్లవాళ్ళు నన్ను “మేస్త్రీగారూ” అంటారు. ముద్ర పడ్డ మర్నాటి నుంచి మళ్ళీ “ఏయ్ కాటా” అంటారు. నాకు రెండూ ఒకటే. మొదటిదే కాస్త ఎక్కువ చిరాకు.

నా దగ్గర గుడ్డ పరిచిన చెక్క డబ్బాలో ఒక ఇత్తడి రాయి ఉంది. కిలో రాయి. దాంతో ఎవరూ ఏమీ అమ్మరు, కొనరు. దాంతో నేను మిగతా రాళ్ళనీ కాటాలనీ సరిచూస్తాను. చేత్తో ముట్టుకోను, పట్టకారుతో తీస్తాను. ఎంత జాగ్రత్తగా ఉంచినా రాయి అరుగుతుంది, అందుకని దాన్ని కూడా ఏటా తూనికల ఆఫీసుకి తీసుకెళ్ళి తూయించాలి. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: “కాటాని అనుమానించు. రాయిని అంతకన్నా ఎక్కువ అనుమానించు.” అందులో మొదటి ముక్క నాకు బాగా వంటబట్టింది.

పద్నాలుగేళ్ళ కిందటి సీజను అది. మా ఆవిడకి ఆరో నెల దాటింది. పెళ్ళయిన పదకొండేళ్ళకి కడుపు పండింది. ఆవిడ పది పాసయింది, నేను ఏడుతో ఆపేశాను. కొట్టు ముందు బల్ల దగ్గర కూర్చుని ముద్రల కాగితాలన్నీ ఆవిడే నింపేది. నేను లోపల కాటాల పొట్టలు విప్పుకుని కూర్చునేవాణ్ణి.

ఒకరోజు ఆస్పత్రిలో తీపి నీళ్ళు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం తీశారు. మర్నాడు నర్సమ్మ మా ఇద్దర్నీ పిలిచింది. పాతికేళ్ళు కూడా ఉండవు. జేబులో నాలుగు రంగుల పెన్నులు.

“కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ అమ్మా ఇది. నువ్వేదో తప్పు చేశావని కాదు. మాయలోంచి వచ్చే రసాలు ఒంట్లో షుగర్ని కరగనివ్వవు. అది నీ రక్తంలోంచి బిడ్డకి వెళ్తుంది. బిడ్డ అవసరానికి మించి పెరిగిపోతుంది. కానుపు కష్టమవుతుంది. నీ బీపీ పెరగొచ్చు, రక్తం పోవచ్చు. అదుపులో పెట్టుకుంటే ఇవేవీ దాదాపు రావు.”

“అదుపులో ఉందని ఎలా తెలుస్తుంది?” అంది మా ఆవిడ.

నర్సమ్మ అరచేతిలో ఇమిడే మిషను ఒకటి ఇచ్చింది. వేలు పొడుచుకుని చుక్క అద్దితే అంకె చూపిస్తుంది. పరగడుపున ఒకసారి, అన్నం తిన్న రెండు గంటలకి ఒకసారి. చూసిన అంకె పుస్తకంలో రాయాలి. వారంవారం పుస్తకం తెచ్చి చూపించాలి.

నేను మిషను తీసుకుని తిప్పి చూశాను. వెనకాల ముద్ర లేదు.

“దీన్ని ఎవరు తనిఖీ చేస్తారు?” అన్నాను.

“కంపెనీవాళ్ళు చేసే పంపిస్తారండీ.”

“కాటాల కంపెనీలవాళ్ళూ అదే చెప్తారు.”

నర్సమ్మ నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఉన్నట్టే అనిపించింది.

ఇంట్లో మా అత్తగారు దిగింది, కూతురి కానుపుదాకా ఉండటానికి. ఆవిడ సామాన్లలో సగం తినేవే. నర్సమ్మ రాసిచ్చిన తిండి కాగితం చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“పిడికెడు అన్నమా? కడుపుతో ఉన్నదానికా? కోడిపిల్లకి కూడా ఇంతకన్నా ఎక్కువ జల్లుతాం. అల్లుడుగారూ, మీరైనా చెప్పరేం?”

“డాక్టర్లు చెప్పారత్తయ్యా.”

“డాక్టర్లు కంటారా, ఇది కంటుందా? నేను నలుగుర్ని కన్నాను. ఏ మిషనుతోనూ చెప్పించుకోలేదు ఎంత తినాలో.”

“అమ్మా, ఊరుకో,” అంది మా ఆవిడ. ఆవిడ కాగితంలో ఉన్నట్టే తినేది. అన్నం గిన్నెతో కొలుచుకునేది. తిన్నాక కొట్టు ముందు వీధి చివరిదాకా నడిచి వచ్చేది. అయినా అంకెలు దిగలేదు. పరగడుపున నూట ఇరవై, నూట ఇరవై ఆరు. తిన్నాక నూట డెబ్బై నాలుగు, నూట ఎనభై. రెండు వారాల పుస్తకం చూసి నర్సమ్మ పెన్ను మార్చింది. ఎర్రది తీసింది.

“నువ్వు బాగానే పాటిస్తున్నావమ్మా, ఒళ్ళే మాట వినట్లేదు. ఇంకొక్క వారం చూద్దాం. అప్పటికీ ఇంతే ఉంటే ఇన్సులిన్ మొదలుపెడదాం. ఇంజెక్షన్లు ఇంట్లోనే చేసుకోవచ్చు, నేర్పిస్తాను.”

“రోజుకెన్ని?” అంది మా ఆవిడ.

“మూడో నాలుగో.”

మా ఆవిడ ముద్రల కాగితాలున్న సంచీని గుండెలకి హత్తుకుని కూర్చుంది. సూదంటే భయం ఆవిడకి. వేలు పొడుచుకునేటప్పుడు కూడా మొహం గోడవైపు తిప్పుకునేది.

నేనే అన్నాను. “మీ మిషను ఎక్కువ చూపిస్తోందేమో.”

“అందరూ మొదట అదే అంటారండీ,” అంది నర్సమ్మ.

అందరూ. కూరగాయల బండివాడూ, లారీ డ్రైవరూ, రోజంతా కుర్చీలో కూర్చుని తీపి తినే గుమాస్తా, వాళ్ళందరితో నన్నొక గంపలో వేసింది. ఊళ్ళో కాటా తప్పో కాదో తేల్చేవాణ్ణి నేను. తూనికల ఇన్‌స్పెక్టరు కూడా ముద్ర కొట్టేముందు నా మొహం చూస్తాడు.

“ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎంత ఉండాలి?” అన్నాను.

“పరగడుపున తొంభై అయిదు లోపు. తిన్నాక నూట నలభై లోపు.”

ఆ రెండు అంకెలు చాలు నాకు.

మర్నాడు పొద్దున మా ఆవిడ వేలు పొడుచుకున్నాక నేనూ పొడుచుకున్నాను. జీవితంలో ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకోనివాణ్ణి. ముప్పై తొమ్మిదేళ్ళు. యాభై కిలోల కాటా దిమ్మని ఒంటిచేత్తో బల్లమీదికి ఎత్తేవాణ్ణి. కొలతకి నాకన్నా నమ్మకమైన మనిషి దొరకడనిపించింది. మిషను నూట నలభై ఒకటి చూపించింది.

మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకి మళ్ళీ. రెండు వందల పది.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, మా ఆవిడ ముందు బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది ఏమైందోనని.

కాటాలో తప్పు రెండు రకాలు. ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు పక్కకి ఉంటుంది. ఎంత పెట్టినా అంతే తేడా. రెండోది, బరువు పెరిగేకొద్దీ పెరిగే తప్పు. లోపల స్ప్రింగు సాగిపోతే వస్తుంది. ఏ రకమో తెలియాలంటే రెండు వేర్వేరు రాళ్ళు పెట్టి చూడాలి. తొంభై నాలుగు ఉండాల్సిన చోట నూట నలభై ఒకటి. నూట నలభై ఉండాల్సిన చోట రెండు వందల పది. కాగితం మీద వేశాను. రెండింటిలోనూ రెండుకి మూడు చూపిస్తోంది. వెంట్రుకవాసి తేడా లేదు.

“చూశావా,” అన్నాను మా ఆవిడతో. “రెండో రకం తప్పు. చూపించిన దాంట్లో మూడో వంతు తీసేస్తే అసలు లెక్క. నీ నూట ఇరవై ఎనభై. నూట డెబ్బై నాలుగు నూట పదహారు. నీకే రోగమూ లేదు.”

ఆవిడ కాగితం చూసింది. లెక్కలో తప్పు లేదు. ఆవిడా వేసి చూసుకుంది.

“ఆస్పత్రిలో చేసిన పరీక్షో మరి? అది వేరే మిషను కదా.”

“అదీ వీళ్ళదే కదా. ఒకే ఆస్పత్రి.”

“ఒకసారి తీసుకెళ్ళి చూపిద్దామండీ. మారుస్తారు.”

“మళ్ళీ నవ్వుతుంది. అక్కర్లేదు.”

పాత కాటాలు కొన్నిటికి మరమ్మతు కుదరదు. విడిభాగాలు దొరకవు. వాటికి వెనక ఒక చీటీ అంటిస్తాం, ఇంత చూపిస్తే ఇంతగా లెక్కపెట్టుకోవాలి అని. దాన్నే సవరణ చీటీ అంటాం. కాటా మారదు, చదివేవాడు సర్దుకుంటాడు. నేను చిన్న కాగితం కత్తిరించి గుండ్రటి అక్షరాలతో రాశాను: “చూపినదాంట్లో మూడో వంతు తీసెయ్యాలి.” కింద సంతకం కూడా పెట్టాను, అలవాటు కొద్దీ. మిషను వెనక అంటించి, ఊడకుండా పైన టేపు వేశాను.

ఆ రోజు నుంచి ఆవిడ అంకె చదివేది, నేను సవరించి పుస్తకంలో రాసేవాణ్ణి. నా అంకెలు అచ్చులో వేసినట్టుంటాయి. వారం తిరిగాక నర్సమ్మ చూసి సంతోషపడింది. “బ్రహ్మాండం! ఇంజెక్షన్ల అవసరం లేదు. ఏం చేశారు?”

“కాస్త జాగ్రత్తగా చూసుకుంటున్నాం,” అన్నాను.

మా అత్తగారికి పండగైపోయింది. “అల్లుడంటే ఇట్లా ఉండాలి. చదువుకున్నవాళ్ళందర్నీ కొట్టులో కూర్చునే గెలిచాడు,” అని పక్కింటావిడకి చెప్పింది. గిన్నెతో కొలిచే అన్నం పోయి గరిటెతో వడ్డించే అన్నం వచ్చింది. మామిడిపళ్ళు వచ్చాయి. మా ఆవిడ మొదట రెండు రోజులు చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత మానేసింది. రెండు వారాలు ఆకలితో ఉన్న మనిషి. ఆవిడ తింటుంటే చూడటానికి నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

అంకెలు పెరిగాయి. తిన్నాక నూట తొంభై ఎనిమిది వస్తే నూట ముప్పై రెండు అని రాశాను. అది కాస్త ఎక్కువే, పళ్ళ వల్ల అనుకున్నాం. రెండు వందల పదహారు వచ్చిన రోజు నూట నలభై నాలుగు రాయాలి. నూట ముప్పై నాలుగు రాశాను. కాటా మీద పది గ్రాములు అటూ ఇటూ ఎవడు చూస్తాడు, అనుకున్నాను. నా కొట్టులో ఆ మాట ఇంకెవరైనా అంటే బయటికి గెంటేవాణ్ణి.

నిజంగా గెంటాను కూడా. ఆ వారమే చేపలమ్మే ఆవిడ కాటా తెచ్చింది.

“అన్నా, ఒక్క యాభై గ్రాములు నా వైపు మొగ్గేలా చెయ్యి. నీకేం పోయింది? చేపేమైనా చెప్తుందా?”

“ముద్ర పడదు.”

“ముద్ర పడ్డాక చెయ్యి.”

“తీసుకెళ్ళు నీ కాటా. వేరేవాణ్ణి చూసుకో.”

“అబ్బో! సత్యసంధుడు!” అని మా ఆవిడ వైపు తిరిగింది. “వదినా, ఇట్లాంటోడితో ఎట్లా కాపురం చేస్తున్నావు? ఉప్పు కూడా తూచి వేస్తాడా కూరలో?” తర్వాత ఆవిడ పొట్ట చూసింది. ఎగతాళి తగ్గింది. “ఎన్నో నెల? తొమ్మిదోదా?”

“ఎనిమిది రాలేదింకా.”

“కవలలా?”

“కాదు, ఒక్కరే.”

చేపలావిడ ఇంకోసారి పొట్ట వైపు చూసింది. కాటా నెత్తిన పెట్టుకుని పోయింది. ఆవిడ ఆరుగుర్ని కన్నదని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఎండలు మండిపోతున్నాయి. మా ఆవిడకి కాళ్ళు నీరొచ్చి నా చెప్పులు వేసుకునేది. దాహం దాహం అనేది. ఎండాకాలం కదా అని నేననేవాణ్ణి. నాకూ దాహమే. కొట్టులో కుండ నేనే ఖాళీ చేసేవాణ్ణి, గంటకోసారి పెరట్లోకి పరిగెత్తేవాణ్ణి. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడిచాను. “పని ఎక్కువై అల్లుడు చిక్కిపోయాడు,” అని మా అత్తగారు నాకూ ఒక గరిటె ఎక్కువ వేసేది.

ఎనిమిదో నెల చివర్లో నర్సమ్మ టేపు పెట్టి పొట్ట కొలిచింది. మళ్ళీ కొలిచింది. పుస్తకం తిరగేసింది.

“అంకెలు ఇంత బాగున్నాయి. మరి బిడ్డ ఇంత పెద్దదిగా ఎందుకుంది?”

“మా వైపు అందరూ దిట్టంగానే పుడతారు,” అన్నాను. నేను రెండున్నర కిలోలు పుట్టానని మా అమ్మ చెప్పేది.

“ఆ మిషను తెచ్చారా? ఒకసారి చూస్తాను.”

మిషను నా చొక్కా జేబులో ఉంది. వెనక చీటీతో సహా.

“కొట్లో మర్చిపోయాం,” అన్నాను.

మా ఆవిడ నా జేబు వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూడలేదు. ఆ చీటీ చూసి ఆ పిల్ల నవ్వుతుందని, మిగతా నర్సుల్ని పిలిచి చూపిస్తుందని, అంతే. ఇంకో కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఈ పద్నాలుగేళ్ళలో చాలాసార్లు వెతికాను. లేదు.

“సరే, ఎల్లుండి తప్పకుండా తీసుకురండి. స్కాను కూడా చేయిద్దాం. మర్చిపోకండి.”

ఎల్లుండి ఇన్‌స్పెక్టరు బజారుకొస్తున్నాడు. నలభై కాటాలు వరసలో ఉన్నాయి. “వచ్చే వారం వెళ్దాం,” అన్నాను ఇంటికొచ్చేటప్పుడు.

మా ఆవిడ ఆగింది. “జేబులోనే ఉంది కదండీ.”

“ఉంది.”

“మరి?”

“నా పని మీద నీకు నమ్మకం లేదా?”

ఆవిడ నా చెప్పులు ఈడ్చుకుంటూ నడిచింది. “మీ పని మీద నమ్మకం లేకపోతే ఇన్నాళ్ళు తింటానా,” అంది. ఆ రోజు నాకది మెచ్చుకోలులా వినిపించింది.

వచ్చే వారం దాకా ఆగలేదు. మూడు వారాలు ముందుగానే, పొద్దున పదింటికి, ముందు బల్ల దగ్గర ఉమ్మనీరు పోయింది. అప్పటికి వానలు మొదలయ్యాయి. ముద్రల కాగితాలు తడిశాయని ఆవిడ కంగారుపడింది ముందు.

ఆస్పత్రిలో తలుపు అవతల ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పారు. తల బయటికి వచ్చింది. భుజం లోపల ఇరుక్కుపోయింది. ఇటు రాదు, అటు పోదు. నలుగురు పట్టుకున్నారు. రెండు నిమిషాల పైన పట్టింది. నేను బయట బెంచీ మీద కూర్చుని వింటున్నాను. మా ఆవిడ అరవలేదు. అరవమని లోపల ఎవరో అరుస్తున్నారు.

తర్వాత తలుపు తీసి ఒకామె బిడ్డని పట్టుకుని గబగబా పక్క గదిలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. ఆడపిల్ల. ఊదారంగులో ఉంది. కాటా మీద పెట్టారు. నాలుగు కిలోల ఏడొందలు. అలవాటు కొద్దీ నా కళ్ళు బిడ్డ కన్నా ముందు ముల్లు మీదికి పోయాయి. బిడ్డని తీశాక కూడా ముల్లు సున్నాకి రాలేదు, రెండు గీతలు అవతల ఆగింది. ఆ కాటా నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కుడిచెయ్యి కదపట్లేదు బిడ్డ. కాలిమడమ పొడిచి చుక్క తీశారు. “షుగర్ పడిపోయింది, ఇరవై రెండు,” అని ఒకరు ఇంకొకరికి చెప్పారు. ముక్కులో గొట్టం వేశారు. లోపల తీపి ఎక్కువై పెరిగిన బిడ్డకి బయటికి రాగానే తీపి పడిపోవడమేమిటో నాకర్థం కాలేదు. నర్సమ్మే చెప్పింది తర్వాత. అమ్మ నుంచి వచ్చే షుగర్ని కరిగించడానికి బిడ్డ ఒళ్ళు ఇన్నాళ్ళూ గానుగెద్దులా పనిచేసింది. ఇప్పుడు షుగర్ ఆగింది, ఎద్దు ఆగలేదు.

మా ఆవిడకి రక్తం ఆగలేదు. లోపల చాలా చీరుకుపోయింది. రెండు సీసాలు ఎక్కించారు, మూడోది వేలాడదీశారు. మా అత్తగారు బెంచీ ఆ చివర కూర్చుని తన చీర కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది. నాతో మాట్లాడలేదు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆవిడకెలా తెలిసిందో.

మధ్యాహ్నం దాటాక నర్సమ్మ వచ్చింది. గౌను మీద మరకలున్నాయి.

“రక్తం ఆగిందండీ. బతుకుతుంది. మిషను ఇవ్వండి.”

ఇచ్చాను. తిప్పి చూసింది. చీటీ చదివింది. నవ్వలేదు. అప్పుడు నవ్వి ఉంటే బాగుండేది.

మిషను పక్కన ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే పాత అంకెలన్నీ ఒకటొకటిగా వస్తాయి. నాకు తెలీదు. మా కాటాలకి జ్ఞాపకం ఉండదు. నర్సమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మీట నొక్కుతూ, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటూ పోయింది. రెండు వందల పదహారు దగ్గర ఆగి పుస్తకంలో నూట ముప్పై నాలుగు చూసింది. లెక్క వేసుకున్నట్టుంది, చీటీ ప్రకారమైనా అది తప్పని. ఆ మాట అనలేదు. ఇంకా వెనక్కి వెళ్ళింది.

“ఈ తేదీన పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు ఉన్నాయి. ఒకటి అమ్మది. రెండోది ఎవరిది? నూట నలభై ఒకటి, రెండు వందల పది.”

“నావి. మిషను సరిచూడ్డానికి.”

నర్సమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఆస్పత్రి పెద్ద మిషనుతో వచ్చింది. నా వేలు పట్టుకుంది. నేను ఇచ్చాను. చుక్క అద్ది, తెర నాకు కనపడేలా తిప్పి పట్టుకుంది.

రెండు వందల ముప్పై ఎనిమిది.

“నీళ్ళు ఎక్కువ తాగుతున్నారా?”

“ఎండలు కదమ్మా.”

నర్సమ్మ కిటికీ వైపు చూసింది. వారం రోజులుగా వాన పడుతోంది.

“మా మిషనులో తప్పేమీ లేదండీ,” అంది. గొంతులో కోపం లేదు. దూది నా వేలి మీద పెట్టి, నొక్కి పట్టుకోమని, లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజుకి మా ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చోగలిగింది. బిడ్డ గొట్టం తీశారు. కుడిచెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది, భుజం దగ్గర నరం సాగిందన్నారు, కొంత వస్తుంది, మొత్తం రాకపోవచ్చు అన్నారు. నేను మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఏమీ దాచలేదు, నూట ముప్పై నాలుగు కూడా. ఆవిడ వింటూ బిడ్డ కుడి అరచేతిలో తన వేలు పెట్టి చూస్తోంది, పట్టుకుంటుందేమోనని.

“కాటాని రాయితో సరిచూశారు,” అంది చివరికి.

“ఊఁ.”

“రాయిని ఎవరు తూచారు?”

పిల్లని ఇటు ఇవ్వండి అంది. ఆవిడ ఒళ్ళోనే ఉంది పిల్ల. పిల్లని కాదు, నీళ్ళు, నీళ్ళు ఇటు ఇవ్వండి అంది.

ఇంటికొచ్చాక రెండు నెలలు గోడ పట్టుకుని నడిచింది. మళ్ళీ కడుపు రాకపోవడమే మంచిదన్నారు డాక్టర్లు. ఆరు వారాలకి ఆవిడ షుగర్ మామూలుకొచ్చింది. అయినా ఏటా చూపించుకోవాలన్నారు. చూపించుకుంటూనే ఉంది, ఏడో ఏట తిరిగొచ్చింది, ఇక పోదు. నాది మొదట్నుంచీ పోయే రకం కాదు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నాకు అన్నం వడ్డించేది. గిన్నెతో కొలిచి.

ఆ ఏడు ముద్రల సీజను ఎలా ముగిసిందో గుర్తులేదు. చేపలావిడ ఒకసారి కొట్టుకొచ్చి, “బిడ్డెంత తూగింది?” అని అడిగింది. కాటా మేస్త్రీని అందరూ అడిగే ప్రశ్నే. “తెలీదు,” అన్నాను. ఆవిడ వేళాకోళం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మిషను ఆస్పత్రికి తిరిగి ఇచ్చేముందు మా ఆవిడ దాని వెనక చీటీని గోటితో మెల్లగా, చిరగకుండా ఊడదీసింది. పారేస్తుందనుకున్నాను. మర్నాడు గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే, అద్దం కింది మూల అంటించి ఉంది. చూపినదాంట్లో మూడో వంతు తీసెయ్యాలి. కింద నా సంతకం. నేను ఊడదియ్యలేదు. ఆవిడా దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు. చుట్టూ పాదరసం మచ్చలు పడ్డాయి గానీ చీటీ మాత్రం గట్టిగానే ఉంది. నా టేపు అలాంటిది.

అమ్మాయికిప్పుడు పద్నాలుగు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఎడమచేత్తో దువ్వుకోమంటే వినదు. మొండిది. చెయ్యి తల దగ్గరికి పోదు కాబట్టి తలనే చెయ్యి దగ్గరికి వంచుతుంది. రోజూ బడికి వెళ్ళేముందు ఆ అద్దం ముందు అలా పక్కకి వంగి దువ్వుకుంటుంది. వంగినప్పుడు దాని కళ్ళు సరిగ్గా ఆ మూలకే వస్తాయి.

మొన్న వంగినది వంగినట్టే ఆగిపోయింది.

“నాన్నా, ఇది నీ సంతకమే కదా. దేనిదీ చీటీ?”

“ఒక పాత కాటాది,” అన్నాను.

“ఏ కాటా? మన కొట్లో ఉందా?”

నేను నురగ పూసుకున్న మొహంతో నిలబడ్డాను. లోపల మా ఆవిడ తన వేలు పొడుచుకుని, నా వంతు కోసం సూది మారుస్తోంది. అంకెలు రెండూ ఆవిడే చూస్తుంది, ఆవిడే రాస్తుంది. పద్నాలుగేళ్ళుగా పుస్తకం నా చేతికివ్వలేదు.

“ఉందిలేమ్మా,” అంది అక్కణ్ణుంచే. “ఇంకా రిపేరులోనే ఉంది. నువ్వు జడ వేసుకో, ఆలస్యమవుతుంది. ఏమండీ, మీరు రండి. వేలివ్వండి.”